"ఇంపోర్ట్ స్లోగా ఉంది" అన్న టికెట్ వెనక ఏముంది: ఒక డెవలపర్ కేస్ స్టడీ

మా ప్రొడక్ట్ సంస్థల ఉద్యోగుల రికార్డులు నిర్వహించే వెబ్ అప్లికేషన్. కొత్తగా చేరిన ప్రతి కస్టమరూ మొట్టమొదట చేసే పని, పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రికార్డులన్నిటినీ ఒక సీఎస్‌వీ ఫైల్‌గా (విలువల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్) తీసి మా సిస్టమ్‌లోకి ఎక్కించడం. ఆ ఇంపోర్ట్ గట్టెక్కితేనే హాజరు, సెలవులు, జీతాలు నడుస్తాయి. గట్టెక్కకపోతే మేం కట్టిన మిగతా స్క్రీన్లన్నీ ఉన్నా లేనట్టే.

నాకు వచ్చిన టికెట్‌లో, అంటే చేయాల్సిన పనిని రాసి పంపే నోట్‌లో, ఉన్నది ఇంతే: "బల్క్ ఇంపోర్ట్ చాలా స్లోగా ఉంది. వేగం పెంచాలి. ఇంకా పెద్ద ఫైళ్ళు తీసుకునేలా చేయాలి." కింద కొన్ని ఫిర్యాదుల లింకులు, ప్రయారిటీ హై.

ఇలాంటి టికెట్ కనపడగానే డెవలపర్‌కి చేతులు ఊరుకోవు. ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగకుండా స్ట్రీమ్ చేయడం, వరుసల్ని బ్యాచ్‌లుగా డేటాబేస్‌కి పంపడం, వర్కర్లను (వెనక పనిచేసే ప్రోగ్రామ్‌లను) సమాంతరంగా నడపడం, ప్రోగ్రెస్ బార్ కోసం వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే లింకు) పెట్టడం... డిజైన్ డాక్యుమెంట్ దానంతటదే రాసుకుపోతుంది. ఇవన్నీ మంచి ఇంజినీరింగే. అయినా వీటిలో చాలావరకు మేం కట్టలేదు. ఎందుకు కట్టలేదో, వాటి బదులు ఏం కట్టామో చెప్పడానికే ఈ కేస్ రాస్తున్నాను. డెవలపర్‌కి ప్రొడక్ట్ మైండ్‌సెట్ అంటే ఏమిటో దీంతో చూపించవచ్చు.

ప్రొడక్ట్ మైండ్‌సెట్ అనగానే డెవలపర్ కూడా ప్రొడక్ట్ మేనేజర్ భాష మాట్లాడాలేమో అనుకునేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. నేను అలా అనుకోను. కోడ్, డేటా చేతిలో ఉన్నవాళ్ళకి మాత్రమే కనిపించే సంగతులు కొన్ని ఉంటాయి. ఏది చవక, ఏది ఖరీదు, ఎక్కడ చిన్న మార్పుతో పెద్ద పని తేలుతుంది అన్నవి. వాటిని యూజర్ పని పూర్తవడం కోసం బయటపెట్టి వాడటమే నాకు తెలిసిన ప్రొడక్ట్ మైండ్‌సెట్.

డిజైన్‌కి ముందు ఒక క్వెరీ

ఇంపోర్ట్ జాబ్‌ల టేబుల్ తెరిచాను. అకౌంట్ ఐడీ, ఫైల్ హ్యాష్ (ఫైల్‌ని గుర్తుపట్టే కోడ్), జాబ్ మొదలైన సమయం, ముగిసిన సమయం, స్టేటస్: అన్నీ ఎప్పట్నుంచో పోగవుతూనే ఉన్నాయి. డ్యాష్‌బోర్డ్ మీద అందరం చూసేది మాత్రం ఒక్కో జాబ్ సగటున ఎంతసేపు నడిచిందన్నదే. నేను వేరేగా అడిగాను. ఒక అకౌంట్ మొదటి ఫైల్ అప్‌లోడ్ చేసినప్పట్నుంచి మొదటిసారి సక్సెస్ కనపడేదాకా ఎంత సమయం పోయింది? అందులో మా సర్వర్ నిజంగా పని చేసింది ఎంతసేపు?

చిన్న ఎస్‌క్యూఎల్ క్వెరీ. జవాబు టికెట్‌ని తలకిందులు చేసింది. చాలా అకౌంట్లలో మొదటి అప్‌లోడ్‌కీ సక్సెస్‌కీ మధ్య పూటలకు పూటలు గడిచాయి, కొన్నిచోట్ల రోజులే గడిచాయి. సర్వర్ వాటా నిమిషాల్లో ఉంది. మిగతాదంతా ఫెయిలైన ఒక అప్‌లోడ్‌కీ ఆ తర్వాతి అప్‌లోడ్‌కీ మధ్య మనిషి పడిన పాటు. పార్సర్‌ని (ఫైల్ చదివి విడగొట్టే కోడ్‌ని) పది రెట్లు వేగంగా చేసినా ఆ పాటులో ఏమీ తగ్గదు.

అదే క్వెరీలో ఇంకో సంగతి బయటపడింది, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. కొన్ని అకౌంట్లకు సక్సెస్ అన్న ఎంట్రీయే లేదు. రెండు మూడుసార్లు ఫెయిలయ్యాక ఆ అకౌంట్లలో మళ్ళీ అలికిడి లేదు. వాళ్ళు డ్యాష్‌బోర్డ్‌లో సమస్యగా కనపడరు. పైగా వాళ్ళ వల్ల సగటు మెరుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే మా కోడ్ మొదటి తప్పు దగ్గరే ఆగిపోయేది. త్వరగా ఫెయిలైన జాబ్ గ్రాఫ్‌లో వేగంగా నడిచిన జాబ్‌గా లెక్కకొచ్చేది.

మరి "స్లో" అన్న మాట ఎక్కడ్నుంచి వచ్చింది? సపోర్ట్ లీడ్‌ని అడిగాను.

"స్లో అని ఎవరూ అనరండీ. 'పొద్దుట్నుంచి దీంతోనే సరిపోయింది' అంటారు. మా ట్యాగ్‌ల లిస్టులో దానికి దగ్గరగా ఉన్నది పర్ఫార్మెన్స్ ఒక్కటే. అదే పెడతాం."

యూజర్ గోడు ట్యాగ్ అయింది, ట్యాగ్‌ల మొత్తం ఒక లెక్క అయింది, ఆ లెక్క రోడ్‌మ్యాప్‌లో ఒక లైన్ అయింది. ప్రతి మెట్టులోనూ అందరూ ఎవరి పని వాళ్ళు సరిగానే చేశారు. అందుకే ఇలాంటివి పట్టుకోవడం కష్టం.

స్క్రీన్ షేర్‌లో కనిపించినది

ఒక కస్టమర్ దగ్గర ఈ పని చూసే ఉద్యోగిని, ఆవిడ ఒప్పుకున్నాక, స్క్రీన్ షేర్‌లో గమనించాం. మాకు మేం పెట్టుకున్న షరతు ఒక్కటే: సాయం చేయకూడదు. ఇది వినడానికి తేలిక, పాటించడానికి చాలా కష్టం. ఎవరైనా ఇబ్బంది పడుతుంటే "అక్కడ కాదండీ, పైన బటన్ ఉంది" అనకుండా ఉండలేం. కానీ అలా అన్న మరుక్షణం మనకి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆవిడ ఫైల్ అప్‌లోడ్ చేశారు. ఎర్రర్ వచ్చింది: "4312వ వరుసలో విలువ చెల్లదు." ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి 4312వ వరుసకి వెళ్ళారు. అక్కడ అంతా సవ్యంగానే ఉంది. ఏ కాలమ్ అన్నది మెసేజ్‌లో లేదు కాబట్టి ఆ వరుసలో ఒక్కో సెల్ క్లిక్ చేసి చూశారు. చివర్లో ఎక్కడైనా స్పేస్ మిగిలిపోయిందేమోనని వెతికారు. అసలు తప్పు 4314వ వరుసలో ఉంది. మా పార్సర్ హెడర్‌ని పక్కన పెట్టి డేటా వరుసల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఎక్సెల్ హెడర్‌ని కూడా కలుపుకుని ఒకటి నుంచి లెక్కపెడుతుంది. తేడా రెండు వరుసలు. ఆ మెసేజ్ రాసినవాళ్ళకి, టెస్ట్ చేసినవాళ్ళకి ఇది ఎన్నడూ ఎదురుపడలేదు. టెస్ట్ ఫైల్‌లో ఉండేవి పది వరుసలు, తప్పు కంటికి ఎదురుగానే ఉంటుంది.

చివరికి తప్పు దొరికింది. సరిచేసి, సేవ్ చేసి, మళ్ళీ అప్‌లోడ్ చేశారు. ఈసారి ఎర్రర్ ఫైల్ మొదట్లోనే: ఉద్యోగి కోడ్ చెల్లదు. పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫైల్‌లో ఆ కోడ్ 00417. సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అది దాన్ని అంకెగా తీసుకుంటుంది, ముందున్న సున్నాలు పోతాయి. సేవ్ చేయగానే ఫైల్‌లో 417 మిగిలింది. ఒక్క సెల్ దిద్దబోతే కాలమ్ మొత్తం చెడింది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే కచ్చితంగా నిలుపుకుంటుంది, ఆపైన ఉన్నవి సున్నాలైపోతాయి. అంతకన్నా పొడవైన బ్యాంక్ ఖాతా నంబర్లున్న కాలమ్‌ని నంబర్ ఫార్మాట్‌లో పెట్టి సేవ్ చేస్తే చివరి అంకెలు సున్నాలుగా మారిపోతాయి. నిడివి సరిగ్గానే ఉంటుంది, అన్నీ అంకెలే, మా వ్యాలిడేషన్ (విలువలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే కోడ్) దాన్ని దర్జాగా లోపలికి పంపుతుంది.

మొత్తం చక్రం ఇదీ: మా ఎర్రర్ ఆవిడని ఎక్సెల్‌కి పంపుతోంది, ఎక్సెల్ ఫైల్‌ని మారుస్తోంది, మారిన ఫైల్ కొత్త ఎర్రర్లతో మా దగ్గరికే వస్తోంది. విడివిడిగా చూస్తే ఏ కోడ్‌లోనూ బగ్ లేదు. ఆవిడ తన పద్ధతి తాను కనిపెట్టుకున్నారు కూడా: వేరే షీట్‌లో కోడ్ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి పెట్టుకుని, ప్రతిసారీ అక్కడ్నుంచి కాపీ చేసి అతికించడం. యూజర్ ఇలా సొంత దారి వేసుకున్నారంటే ప్రొడక్ట్ అక్కడ దారి చూపలేదన్నమాట. నేను ముందుగా వెతికేది అలాంటి చోట్లే.

టీమ్ మీటింగ్‌లో "ఎక్సెల్‌తో జాగ్రత్త అని హెల్ప్ పేజీలో రాద్దాం" అన్న మాట వచ్చింది. నేను జన్యువుల సంగతి చెప్పాను. సెప్ట్1, మార్చ్1 అనే మానవ జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో పరిశోధన పత్రాల పట్టికల్లో తప్పులు పేరుకుపోయాయి. చివరికి జన్యువుల పేర్లు ఖరారు చేసే హ్యూగో కమిటీ ఆ పేర్లనే సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చింది, 2020లో ఆ మేరకు మార్గదర్శకాలు వెలువరించింది. ఈ తరహా ఆటోమేటిక్ మార్పిడిని ఆపుకునే సెట్టింగ్‌ని మైక్రోసాఫ్ట్ 2023లో అందరికీ ఇచ్చింది. డేటానే వృత్తిగా పెట్టుకున్న శాస్త్రవేత్తలే జాగ్రత్త పడలేక పేర్లు మార్చుకున్నారు. ఆఫీసులో నూటొక్క పనుల మధ్య ఇంపోర్ట్ చేసే మనిషి మన హెల్ప్ పేజీ చదివి జాగ్రత్త పడతారనుకోవడం అన్యాయం.

ప్రొడక్ట్ మేనేజర్‌తో మాట్లాడిన తీరు

"మీ టికెట్ తప్పు" అని వెళ్తే ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. కస్టమర్లకు మాట ఇచ్చింది ఆయన, ఒత్తిడి ఉన్నది ఆయన మీద. అందుకని మూడు పట్టుకెళ్ళాను: సర్వర్ సమయం, మనిషి సమయం రెండు రంగుల్లో ఉన్న ఒక చార్ట్, ఆ స్క్రీన్ రికార్డింగ్‌లో కొన్ని నిమిషాలు, పనుల ఖరీదు. అన్నిటికన్నా పనిచేసింది మూడోది. తప్పులన్నీ ఒకేసారి చూపించడం, వరుస నంబర్ ఎక్సెల్‌తో కలపడం, కాలమ్ పేరు చెప్పడం ఒకట్రెండు రోజుల్లో అయ్యే పని. సమాంతర వర్కర్లు నెలల పని. ఈ రెంటి మధ్య తేడా డెవలపర్ నోరు తెరిచి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఎస్టిమేట్ అడిగినప్పుడు అడిగిన దానికే అంకె చెప్పి ఊరుకుంటే ఆ తేడా మన దగ్గరే ఉండిపోతుంది.

ఇక్కడ మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ ఉదంతం గుర్తుచేసుకోవాలి. ప్రకటనల శీర్షికని కాస్త పొడిగించి చూపాలన్న ఒక ఆలోచన ప్రాధాన్యం లేనిదిగా ఆరు నెలలకు పైగా పక్కనే పడి ఉంది. 2012లో ఒక ఇంజినీర్, కోడ్ ఖర్చు చాలా తక్కువని గమనించి, దాన్ని రాసి ప్రయోగంగా వదిలారు. ఆదాయం 12 శాతం పెరిగింది. అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైమాట. అదే మైక్రోసాఫ్ట్‌లో ప్రయోగాలు నడిపినవాళ్ళు, పరీక్షించిన ఆలోచనల్లో మూడో వంతు మాత్రమే అనుకున్న కొలతని మెరుగుపరిచాయని రాశారు. అంటే మేనేజర్ ఊహా నమ్మదగింది కాదు, నా ఊహా నమ్మదగింది కాదు. చవకలో తేలే పనైతే వాదించుకునే బదులు చేసి చూడటం నయం. మా మేనేజర్ ఆ చిన్న పనికి వెంటనే ఒప్పుకున్నారు. ఏది తగ్గితే పెద్ద పని వాయిదా వేయవచ్చో కూడా ముందే రాసుకున్నాం: మొదటి అప్‌లోడ్ నుంచి సక్సెస్ దాకా పట్టే సమయం, సక్సెస్ ముఖం చూడని అకౌంట్ల వాటా. రెండూ కలిపి చూడాలి. జనం విసిగి మానేసినా మొదటి అంకె తగ్గుతుంది కాబట్టి.

కట్టినవి, కట్టనివి

చిన్న మార్పులు ఫీచర్ ఫ్లాగ్ (కొందరికే తెరిచే స్విచ్) వెనక వదిలాక తేడా కనపడింది, కానీ ఎక్సెల్ చక్రం తెగలేదు. వందల తప్పులు ఒకేసారి చూపిస్తే యూజర్‌కి కలిగేది భయం, స్పష్టత కాదు. ఎర్రర్లను డౌన్‌లోడ్ చేసుకునే ఫైల్‌గా ఇద్దామన్నది అందరికీ ముందు తట్టిన ఆలోచన. అదీ మళ్ళీ ఎక్సెల్‌కే పంపుతుంది.

డేటా చూస్తే దారి దొరికింది. వందల తప్పుల్లో వేర్వేరు విలువలు గుప్పెడే. పాత సిస్టమ్‌లో ఒక విభాగం పేరు ఒకలా ఉంది, మా దగ్గర ఇంకోలా ఉంది, ఆ విభాగంలో ఉన్న ప్రతి ఉద్యోగి వరుసా ఒక ఎర్రర్. చెల్లని విలువల్ని గ్రూప్ చేస్తే యూజర్ ముందు నిలిచేది ఒకే ప్రశ్న: "ఈ పేరు ఇన్ని వరుసల్లో ఉంది. దీన్ని మీ విభాగాల్లో దేనిగా తీసుకోవాలి?" ఒక జవాబుతో వందల వరుసలు సరి. డేటాబేస్‌కి ఇది ఒక గ్రూప్ బై, అంటే ఒకే రకం విలువల్ని కలిపి లెక్కపెట్టే క్వెరీ. యూజర్‌కి ఒక పూట పని ఆదా. ఈ ఆలోచన డిజైనర్‌కో మేనేజర్‌కో రావడం కష్టం, ఎందుకంటే వాళ్ళ ముందు ఆ డేటా ఆకారం ఉండదు. దిద్దుబాటు అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది కాబట్టి ఫైల్ మళ్ళీ ఎక్సెల్ గడప తొక్కదు.

తేదీల దగ్గర ఆగి ఆలోచించాల్సి వచ్చింది. 03/04 అంటే మార్చి 4వ తేదీనా, ఏప్రిల్ 3వ తేదీనా? కాలమ్‌లో ఎక్కడైనా మొదటి అంకె 12 దాటితే అది తేదీయే, నెల కాదు. రెండో అంకె 12 దాటితే తిరకాసు లేకుండా మొదటిదే నెల. ఎక్కడా దాటకపోతే? ఊహించి ముందుకెళ్ళే కోడ్ రాయడం చిటికెలో పని. కానీ చేరిన తేదీ తప్పైతే సెలవుల లెక్క తప్పుతుంది, అది నెలల తర్వాత ఎవరి జీతంలోనో తేలుతుంది. కాబట్టి అక్కడ యూజర్‌నే అడుగుతాం, ఆ కాలమ్‌లోని ఒక తేదీని నెల పేరుతో రాసి చూపించి. ఒక క్లిక్ ఎక్కువైనా ఫరవాలేదని తేల్చుకోవడం కూడా ప్రొడక్ట్ నిర్ణయమే.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది పాక్షిక ఇంపోర్ట్ మీద. సరిగ్గా ఉన్న వరుసలు ఇప్పుడే లోపలికి పంపి, మిగతావి తర్వాత సరిచేసుకోనిద్దామా? వేగంగా అనిపిస్తుంది, అంకెలూ బాగుంటాయి. మా టెస్టర్ అడిగారు: "సగం వెళ్ళాక ట్యాబ్ మూసేస్తే? మర్నాడు మొత్తం ఫైల్ మళ్ళీ ఎక్కిస్తే?" డూప్లికేట్ల సమస్యని ఉద్యోగి కోడ్ ఆధారంగా, ఉన్నవాళ్ళని అప్‌డేట్ చేసేలా రాసి దాటొచ్చు. సగంలో ఆగిపోయిన డేటాని పూర్తి డేటా అనుకునే ప్రమాదం మాత్రం దాటలేం. 2020లో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. ప్రయోగశాలల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాల్ని ఎక్సెల్ పాత ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎల్‌ఎస్‌లోకి తీసుకున్నారు. దానికి 65,536 వరుసలే పరిమితి. ఆపైన ఉన్నవి చప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు, వాళ్ళని కలిసినవారిని గుర్తించే పని ఆలస్యమైంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయి ఉంటే ఆ రోజే తెలిసేది.

అందుకని స్టేజింగ్ టేబుల్, అంటే అసలు టేబుల్‌కి ముందు డేటా ఆగే తాత్కాలిక చోటు, పెట్టాం. యూజర్ సరిచేసేదంతా అక్కడే నిల్వ ఉంటుంది, ట్యాబ్ మూసినా పోదు. చివరి బటన్ నొక్కినప్పుడే ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ, లేకపోతే ఏదీ కాదు) అసలు టేబుల్‌లోకి వెళ్తుంది. కావాలని వదిలేసిన వరుసలుంటే ఆ స్క్రీన్ మూడు అంకెలు చూపిస్తుంది: ఫైల్‌లో ఉన్నవి, చేరుతున్నవి, వదిలేసినవి. ఆ మూడూ కూడికలో కుదరకపోతే బటన్ పనిచేయదు. ఈ మూడు అంకెల కోసం నేను పట్టుబట్టాను, ఇప్పటికీ ఈ ఫీచర్‌లో నాకు అతి ముఖ్యమైన భాగం అదే.

పెద్ద ఫైళ్ళ సంగతి త్వరగానే తేలింది. నిజంగా పెద్ద ఫైళ్ళున్న కస్టమర్లు కొద్దిమంది. వాళ్ళ ఇబ్బందల్లా మా సర్వర్ ముందున్న ఎన్‌జింక్స్ ప్రాక్సీ (రిక్వెస్ట్‌లను సర్వర్‌కి అందించే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్) డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూసి రిక్వెస్ట్‌ని తెంచేయడం. పనిని బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌కి మార్చి, అయ్యాక మెయిల్ పంపితే సరిపోయింది. వెబ్‌సాకెట్ ప్రోగ్రెస్ బార్ అవసరం ఎవరికీ రాలేదు.

తర్వాత

ఎక్కువమంది ఒకసారి కూర్చుంటే లేవకుండా ఇంపోర్ట్ ముగిస్తున్నారు. సక్సెస్ లేకుండా ఆగిపోయే అకౌంట్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. మిగిలినవాళ్ళలో చాలామందికి ఇబ్బంది కాలమ్‌లను జతపరిచే మొదటి స్క్రీన్‌లోనే. పాత సాఫ్ట్‌వేర్‌లో పేరు ఒకే కాలమ్‌లో ఉంటుంది, మేం రెండు అడుగుతాం. సపోర్ట్ టీమ్ ట్యాగ్‌ల లిస్టులో "డేటా సరిచేయడం" అనేది చేరింది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, వచ్చే ఏడాది రోడ్‌మ్యాప్‌లో ఏ లైన్ రాయాలో నిర్ణయించేది అదే.

ప్రతి టికెట్‌నీ ఇలా తవ్వాలని చెప్పను. సెక్యూరిటీ ప్యాచ్ వస్తే వేయాలి, దాని వెనక యూజర్ కథ వెతుకుతూ కూర్చోకూడదు. "ఎందుకు" అని అడగడాన్ని పని ఆపే ఆయుధంగా వాడే డెవలపర్లనీ చూశాను, వాళ్ళతో పనిచేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. నేను పాటించే హద్దు ఇదీ: ప్రశ్న అడిగేముందు దానికి సగం జవాబు నా దగ్గరున్న డేటాతో నేనే తెచ్చుకోవాలి, దాంతోపాటు చవకైన ఒక ప్రత్యామ్నాయం తీసుకెళ్ళాలి. రెండూ లేకపోతే టికెట్‌లో ఉన్నది చేస్తాను.

యూజర్లను నేరుగా కలిసే వీలు లేదని చాలామంది జూనియర్లు అంటారు, అది నిజమే. కానీ జాబ్ టేబుళ్ళు, లాగ్‌లు, సపోర్ట్ సంభాషణలు దాదాపు ప్రతి టీమ్‌లోనూ అందుబాటులో ఉంటాయి. రోజుకి ఒక్క సపోర్ట్ సంభాషణ మొదటి నుంచి చివరి దాకా చదవండి. ట్యాగ్ చదివితే చాలదు, యూజర్ రాసిన మాటలే చదవాలి. మీరు రాసిన ఎర్రర్ మెసేజ్ అందులో కాపీ చేసి ఉంటే, దాని కింద వాళ్ళు ఏం అడిగారో చూడండి. మీ తర్వాతి టికెట్ చాలావరకు అక్కడే ఉంటుంది.

మా టీమ్‌లో ఇప్పుడు నడుస్తున్నది కాలమ్‌లు జతపరిచే స్క్రీన్ పని. పేరుని రెండుగా విడగొట్టే కోడ్ రాద్దామని ప్రతిపాదన వచ్చింది. ఆ స్క్రీన్ దగ్గర ఆగిపోయిన అకౌంట్ల ఫైల్ హెడర్లు ముందు చూస్తున్నాం. అసలు రెండు కాలమ్‌లు అడగాల్సిన అవసరం జీతాల మాడ్యూల్‌కి ఉందా అన్న ప్రశ్న ఇంకా తేలలేదు.